వెబ్ పుటలయందు అక్షర చిత్ర పరిమాణ నిర్ణయము

గ్రంథపఠనమున అక్షర పరిమాణమును నిర్ణయించు అధికారము చిరకాలము పఠితకు లేకుండెను. తాళపత్రముపై గంటముతో వ్రాసిన లేఖకుడు ఆకు కొలతను, తన చేతివాటమును బట్టి అక్షరమును మలచెను. అచ్చుకూటములు వచ్చిన పిమ్మట ఆ యధికారము ముద్రాపకునకు సంక్రమించెను. అతడు 12 పాయింట్ల టైపును గైకొన్నచో పఠిత 12 పాయింట్ల అక్షరమునే చదువవలెను. చూపు చాలనివాడు కంటద్దములను గాని భూతద్దమును గాని ఆశ్రయింపవలెను. వెబ్ పుట ఈ స్థితిని మార్చినది. ఇందు పాఠమును పంపువాడొకడు. దాని పరిమాణమును కడపట నిశ్చయించువాడు మఱొకడు. ఆ రెండవవాడే పఠిత. ఈ మార్పును గుర్తింపక, ముద్రిత పుటను కూర్చిన రీతినే వెబ్ పుటను కూర్చుటవలన కలుగు చిక్కులను, వాని పరిహార మార్గములను వివరించుట ఈ వ్యాసమున కుద్దేశము.

విశ్వవిద్యాలయ శాఖలును గ్రంథాలయములును తమ సంచికలను, తాళపత్ర ప్రతులను, అరుదైన ముద్రణములను వెబ్ ద్వారా అందించుచున్న ఈ కాలమున ఇది యంత్రజ్ఞులకు మాత్రమే విడిచిపెట్టదగిన విషయము కాదు. పాఠమును ప్రకటించుట యనగా అది చదువబడుటకు వీలు కల్పించుట. పాఠపరిష్కరణమున ఒక్క అక్షరము జాఱిపోయినను దోషముగా నెంచు మనము, పఠిత పుటను పెంచినంతనే పంక్తిలో సగము తెఱ కావలికి పోవుటను ఉపేక్షింపరాదు. లుప్తమైన పాఠము ఏ కారణమున లుప్తమైనను పఠితకు లుప్తమే.

1. పెంపులోని భేదములు

జూమ్ అని వాడుకలో నున్న పెంపు ఒక్క విధమైనది కాదు; మూడు విధములు కలవు. మొదటిది అక్షరమాత్రపు పెంపు. ఇందు అక్షరములు మాత్రమే పెరుగును. చిత్రములు మునుపటి కొలతలతోనే నిలుచును. తొలినాటి బ్రౌజర్లలో పెక్కింటియందు లభించిన సౌకర్యమిది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరునందు ఇది నేటికిని ఐచ్ఛికముగా కలదు.

రెండవది పూర్ణపుట పెంపు. ఇందు అక్షరములు, చిత్రములు, నడుమ నుండు ఖాళీలు ఒకే నిష్పత్తిలో పెరుగును. 2006లో వెలువడిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 7నందును, 2008లో వెలువడిన ఫైర్‌ఫాక్స్ 3నందును ఈ విధానము ప్రవేశించెను. నేడు కంప్యూటరు బ్రౌజర్లయందు ఇదియే సామాన్య విధానము.

మూడవది వ్రేళ్ల పెంపు. సెల్‌ఫోను తెఱపై రెండు వ్రేళ్లను ఎడము చేసినపుడు కలుగునది. 2007లో ఐఫోను వెలువడిన పిమ్మట ఇది లోకవ్యాప్తమైనది. దీనియందు పుట కూర్పు ఏమియు మాఱదు. భూతద్దము క్రింద పుస్తకమును జరుపుకొనుచు చదివినట్లే యుండును. పంక్తి తెఱను మించిపోవును గనుక ప్రతి పంక్తికిని తెఱను కుడియెడమలకు జరుపవలసి వచ్చును.

మొదటి రెండింటియందు పంక్తులు మరల క్రొత్తగా విఱుగుట కవకాశము కలదు, మూడవదానియందు లేదు. తెఱ వెడల్పునకు సరిపడునట్లు పంక్తి తనంతట తాను విఱిగి క్రిందికి దిగుటను ఈ వ్యాసమున పునఃప్రవాహ మందము. పెంపు సుఖకరమగుటకు మూలము ఈ పునఃప్రవాహమే. పుటను కూర్చువాడు దీనికి అడ్డుపడకుండుటయే ఇచట చెప్పబోవు నియమముల కన్నిటికిని సారము.

2. పిక్సెలు అను కొలత

వెబ్ పుట రూపమును నిర్దేశించు భాషకు సి.ఎస్.ఎస్. అని పేరు. దాని మొదటి ప్రమాణము 1996 డిసెంబరులో వెలువడెను. ఈ భాషయందు కొలతకు పిక్సెలు ఒక ప్రధాన మానము. ఒక అంగుళమునకు 96 పిక్సెళ్లని లెక్క. అచ్చుపనియందు ఈ లెక్కలో అంగుళమునకు 72 పాయింట్లు. కావున 12 పాయింట్ల అక్షరమునకు 16 పిక్సెళ్లు సరియగును. పఠిత వేఱుగా కోరనిచో బ్రౌజరు సామాన్యముగా గైకొను మూలాక్షర పరిమాణము ఈ 16 పిక్సెళ్లే. అనగా అచ్చుకూటపు 12 పాయింట్ల అలవాటే వెబ్ పుటలో మఱొక పేరుతో నిలిచినది.

అయితే సి.ఎస్.ఎస్. పిక్సెలు వేఱు, తెఱపై వెలుగు భౌతిక బిందువు వేఱు. నేటి సెల్‌ఫోనులలో ఒక్క సి.ఎస్.ఎస్. పిక్సెలు రెండేసి, మూడేసి బిందువుల వెడల్పును ఆక్రమించుట సాధారణము. పూర్ణపుట పెంపునందు జరుగునదియు ఇట్టిదే. 200 శాతము పెంచినపుడు, మునుపు ఒక బిందువు వెడల్పుగల పిక్సెలు ఇపుడు రెండు బిందువుల వెడల్పు, రెండు బిందువుల ఎత్తు కలదగును.

దీని ఫలితము గమనింపదగినది. పెంపునకు ముందు బ్రౌజరు కిటికీ వెడల్పు 1280 పిక్సెళ్లనుకొందము. 200 శాతము పెంచినపుడు ప్రతి పిక్సెలును రెట్టింపయినది కావున ఆ కిటికీలో 640 పిక్సెళ్లే పట్టును. 400 శాతము పెంచినపుడు 320 మాత్రమే పట్టును. అనగా పుటను పెంచుట యనునది పుటకు గల చోటును ఇఱుకు చేయుటయే. 400 శాతము పెంచిన పెద్ద తెఱయు, పెంచని చిన్న సెల్‌ఫోను తెఱయు పుట కూర్పు విషయమున ఇంచుమించు ఒకే స్థితిలో నుండును. తెఱ వెడల్పును బట్టి కూర్పు మాఱు పుటలను నిర్మింపవలెనని 2010లో ఈథన్ మార్కాట్ ప్రతిపాదించెను. చిన్న తెఱలకై మేలైన ఆ పద్ధతి, చూపు మందగించి పెద్ద తెఱపై పుటను పెంచుకొను వృద్ధ పఠితకును అట్లే ఉపకరించుటకు కారణమిదియే.

3. అక్షర పరిమాణము

అక్షర పరిమాణమును పిక్సెళ్లలో నిర్దేశించినచో నష్టమేమి, పూర్ణపుట పెంపునందు అదియు పెరుగునుగదా యని శంక కలుగవచ్చును. పెరుగుట సత్యమే. కాని పెంపుతో నిమిత్తము లేకుండ బ్రౌజరు అమరికలయందే మూలాక్షర పరిమాణమును 20 గాని 24 గాని పిక్సెళ్లకు పెంచుకొని, అన్ని పుటలును అట్లే కనబడవలెనని కోరు పఠితలు కలరు. 16 పిక్సెళ్లని కచ్చితముగా వ్రాసిన పుట వారి కోరికను మన్నింపదు. కావున పరిమాణమును మూలాక్షరమునకు సాపేక్షముగా చెప్పుట శ్రేయము.

ఇందులకు ఎమ్, రెమ్ అను రెండు మానములు కలవు. ఎమ్ అనునది అచ్చుపనివారికి చిరపరిచితము. టైపు దిమ్మె పరిమాణమే దానికి ఆధారము. సి.ఎస్.ఎస్.నందు అక్షర పరిమాణమును ఎమ్‌లలో చెప్పినపుడు అది తన్ను చుట్టియున్న భాగపు అక్షర పరిమాణమును బట్టి లెక్కింపబడును. ఇందొక మెలకువ యవసరము. ఒక పట్టికకు 0.8 ఎమ్ అని నిర్దేశించి, దానిలో మఱొక పట్టికను ఇమిడ్చి దానికిని అట్లే నిర్దేశించినచో లోపలి యక్షరము మూలములో 0.64 వంతు, అనగా 16 పిక్సెళ్లకు 10.24 పిక్సెళ్లే యగును. రెమ్ అనునది ఎల్లప్పుడును పుట మూలాక్షరమునే ఆధారముగా గొనును గనుక ఈ దోషము దానికంటదు. శీర్షికకు 2 రెమ్, దేహభాగమునకు 1 రెమ్ అని చెప్పినచో మూలము ఎంతయైనను వాని నిష్పత్తి చెడదు. పాదసూచికలు మూలముకంటె తగ్గవలసియున్నను మిక్కిలి తగ్గింపరాదు. తెలుగు వత్తులు అంత చిన్నదనమున ఒకదానినుండి మఱొకటి వేఱుగా కానరావు.

అక్షర పరిమాణమును కిటికీ వెడల్పులో ఇన్నవ వంతని చెప్పు మానమొకటి కలదు. శీర్షికలకు దీనిని వాడు అలవాటు ప్రబలియున్నది. కిటికీ 1280 పిక్సెళ్లున్నపుడు 3 శాతమనగా 38.4 పిక్సెళ్లు. 200 శాతము పెంచినపుడు కిటికీ 640 పిక్సెళ్లగును. దానిలో 3 శాతము 19.2 పిక్సెళ్లు. ఒక్కొక్క పిక్సెలు ఇపుడు రెట్టింపు వెడల్పు కలది కావున తెఱపై శీర్షిక మునుపటి కొలతలోనే నిలుచును. పఠిత ఎంత పెంచినను ఆ శీర్షిక పెరుగదు. ఈ మానమును ఒంటరిగా వాడక, రెమ్ మానముతో కలిపి వాడవలెను.

పంక్తుల యెడము తెలుగునకు ప్రత్యేకముగా ఆలోచింపదగిన విషయము. రోమను లిపియందు అక్షరములు చాలవఱకు ఒకే వరుసలో నిలుచును. తెలుగున గుడి, దీర్ఘము, ఎత్వము పైకి సాగును. వత్తులు క్రిందికి దిగును. స్త్రీ, రాష్ట్రము, కార్త్స్న్యము వంటి పదములయందు ఒక వత్తు క్రింద మఱొక వత్తు గాని, దాని ప్రక్కన గాని చేరును. పంక్తి ఎత్తును 24 పిక్సెళ్లని కచ్చితముగా నిర్దేశించిన పుటను, మూలాక్షరమును 32 పిక్సెళ్లకు పెంచుకొన్న పఠిత తెఱచినచో పై పంక్తి వత్తులును క్రింది పంక్తి గుడులును ఒకదానిపై నొకటి పడును. పంక్తి ఎత్తును మానము లేని సంఖ్యగా, 1.6 అని గాని 1.8 అని గాని చెప్పినచో అది అక్షరముతోపాటు పెరుగును. ఆంగ్ల పుటలకు చాలిన 1.2 తెలుగునకు చాలదు.

ఇట్లే పాఠమును ధరించు పెట్టెలకు కచ్చితమైన ఎత్తును విధింపరాదు. వెడల్పునకు పరమావధిని చెప్పి, ఎత్తును పాఠమునకే విడువవలెను. ఎత్తు బిగింపబడి, మించిన భాగము దాచబడునట్లు ఆజ్ఞాపింపబడిన పెట్టెలో అక్షరము పెరిగినపుడు తుది పంక్తులు మాయమగును. ఒక్కొక్కపుడు తుది పంక్తి నిలిచి దాని వత్తులు మాత్రము కోతపడును. మొదటిదానికంటె ఈ రెండవది ప్రమాదకరము. పంక్తి లోపించిన సంగతి పఠితకు తెలియవచ్చును. వత్తు లోపించిన సంగతి తెలియదు. పక్క అను పదము తెఱపై పక యని కానవచ్చును.

4. చిత్ర పరిమాణము

చిత్రములయందు బిందుచిత్రములు, రేఖాచిత్రములు అని రెండు జాతులు. ఛాయాచిత్రము బిందుచిత్రము, దానిలోని బిందువుల సంఖ్య నియతము. రేఖాచిత్రము గీతల వర్ణన. 2001లో ప్రమాణీకృతమైన ఎస్.వి.జి. దాని ప్రసిద్ధ రూపము. దీనిని ఎంత పెంచినను అంచులు చెదరవు. వంశవృక్షములు, మాండలిక పటములు, ఛందోగణ పట్టికలు వంటివానిని ఈ రూపముననే సిద్ధపఱచుట మేలు.

బిందుచిత్రమునకు వెడల్పు 800 పిక్సెళ్లని బిగించినచో, 200 శాతము పెంపునందు 640 పిక్సెళ్ల కిటికీలో అది పట్టక పుట నంతటిని ప్రక్కకు సాగదీయును. దీనికి పరిహారము సులభము. చిత్రపు గరిష్ఠ వెడల్పు దానిని చుట్టియున్న భాగమునకు 100 శాతమనియు, ఎత్తు దానికి తగినట్లు స్వయముగా ఏర్పడవలెననియు సి.ఎస్.ఎస్.నందు చెప్పవలెను. దీనితోపాటు చిత్రపు సహజ వెడల్పును, ఎత్తును పుటమూలమున తెలుపుటయు అవసరము. చిత్రము వచ్చి చేరుటకు ముందే బ్రౌజరు ఆ నిష్పత్తిని బట్టి చోటు విడిచి యుంచును. కావున చిత్రము ఆలస్యముగా వచ్చినను చదువుచున్న పంక్తి క్రిందికి జాఱిపోదు.

ఇక బిందువుల సంఖ్య. 640 పిక్సెళ్ల వెడల్పున చూపు చిత్రమునకు 640 బిందువులే యున్నచో 200 శాతము పెంపునందు ఒక్కొక్క బిందువు నాలుగు బిందువుల చోటును నింపవలసివచ్చి చిత్రము మసకబాఱును. 1280 బిందువుల వెడల్పుగల చిత్రము నిచ్చినచో ఆ పెంపునకు తట్టుకొనును. కాని వెడల్పు, ఎత్తు రెండును రెట్టింపగుటచే బిందువుల సంఖ్య నాలుగు రెట్లగును. సెల్‌ఫోను డేటాపై చదువు విద్యార్థికి అది భారము. ఒకే చిత్రమును రెండు మూడు పరిమాణములలో సిద్ధపఱచి, ఆ జాబితాను పుటయందు తెలిపినచో బ్రౌజరు తెఱకు తగినదానిని ఎన్నుకొనును.

అక్షరములను చిత్రముగా మార్చి పుటలో నుంచుట సర్వథా పరిహరింపదగినది. యూనికోడునందు తెలుగు లిపి 1991 నాటి మొదటి రూపముననే చేరినను, దానికి తగిన ఫాంట్లు వ్యాప్తి చెందుటకు ముందు శీర్షికలను, ఒక్కొక్కపుడు వ్యాసములనే చిత్రములుగా నుంచుట తప్పనిసరి యయ్యెను. నేడు ఆ యవసరము లేదు. చిత్రమైన అక్షరమునకు పునఃప్రవాహము లేదు. దానిని వెదకుటకు వీలు లేదు. అంధ పఠితకు పుటను చదివి వినిపించు యంత్రమునకు అది మూగ.

5. తాళపత్రములు, పద్యములు

పైని చెప్పిన గరిష్ఠ వెడల్పు నియమము సామాన్య చిత్రములకు హితమైనను ప్రాచీన ప్రతుల చిత్రములకు చాలదు. దీనిని విస్మరించుట మన శాఖలకు విశేష నష్టము. కిటికీని మించరాదని నియమింపబడిన చిత్రము, కిటికీ నిండిన పిమ్మట పుటను ఎంత పెంచినను పెరుగదు. 1280 పిక్సెళ్ల కిటికీలో 640 పిక్సెళ్ల వెడల్పున నున్న పుటచిత్రము 200 శాతముతో కిటికీని నింపును. 400 శాతమునకు పెంచినపుడు చుట్టునున్న అక్షరములు పెరుగునే గాని చిత్రములోని అక్షరములు పెరుగవు.

తాళపత్రము విషయమున ఈ చిక్కు ఇంకను తీవ్రము. ఒక ఆకు 15 అంగుళముల పొడవును, ఒకటిన్నర అంగుళముల వెడల్పును, ఆఱు పంక్తులును కలదనుకొందము. దాని చిత్రమును 360 పిక్సెళ్ల సెల్‌ఫోను తెఱకు కుదించినచో ఎత్తు 36 పిక్సెళ్లగును. ఒక్కొక్క పంక్తికి, నడుమ ఎడముతో కూడ, 6 పిక్సెళ్లు దక్కును. ఆ యక్షరములను చదువుట అసాధ్యము. కావున ఇట్టి చిత్రమును పుటలో చిన్నదిగా చూపి, దానికి తోడుగా పూర్తి పరిమాణమున తెఱచుకొని ఇచ్ఛవచ్చినట్లు జరుపుకొనగల వీక్షణ సాధనము నొకదానిని ఏర్పఱుపవలెను. గ్రంథాలయములు ఇందులకై ట్రిపుల్-ఐ-ఎఫ్ అను అంతర్జాతీయ విధానమును అనుసరించుచున్నవి. దీనియందు చిత్రములోని ఏ భాగము, ఏ పరిమాణమున కావలయునో చిరునామాయందే తెలుపబడును. ఆ భాగము మాత్రమే పఠితకు చేరును. ఆకును ఇరుదిశల జరిపి చూచుట ఇచట అనివార్యము. కాని చిత్రముతోపాటు టైపు చేసిన పాఠమును తప్పక ఇయ్యవలెను. చిత్రము ప్రమాణమునకు, పాఠము పఠనమునకు.

పద్యముల విషయమున వేఱొక జాగ్రత్త వలయును. వచనమున పంక్తి ఎచట విఱిగినను అర్థమునకు హాని లేదు. పద్యమున పాదము ఛందోవిభాగము. ఉత్పలమాల పాదమునకు 20 అక్షరములు, చంపకమాల పాదమునకు 21. 320 పిక్సెళ్ల వెడల్పున 16 పిక్సెళ్ల అక్షర పరిమాణమునకు 20 ఎమ్‌ల చోటే కలదు. అంచులు పోగా ఇంకను తగ్గును. కావున అధిక పరిమాణమునకు పెంచినపుడు పాదము విఱుగుట తప్పకపోవచ్చును. పాదము విఱుగరాదని ఆజ్ఞ విధించినచో పఠిత ప్రతి పాదమునకును తెఱను ప్రక్కకు జరుపవలెను. ఏ కట్టుబాటును లేక విడిచినచో విఱిగిన శేషము క్రొత్త పాదమువలె కనబడి, నాలుగు పాదముల పద్యము ఏడెనిమిది పంక్తులై, విద్యార్థి యతిస్థానమును పొరబడును. మధ్యేమార్గము కలదు. ప్రతి పాదమును వేఱొక భాగముగా నిర్దేశించి, విఱిగిన శేషము రెండు ఎమ్‌లు లోపలికి జరిగి నిలుచునట్లు చేయవలెను. అపుడు అంచునుండి మొదలగునది పాదమనియు, లోపలికి జరిగినది దాని శేషమనియు చూచినంతనే తెలియును. సీసపాదమును రెండు భాగములుగా ముద్రించు సంప్రదాయము మనకు కలదు గనుక ఈ అమరిక మన కంటికి క్రొత్త కాదు.

6. ప్రమాణములు, పరీక్ష

వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము పుటల సౌలభ్యమునకై 1999లో మొదటిసారి సూత్రములను ప్రకటించెను. 2008 నాటి రెండవ రూపమున, అక్షరములను 200 శాతము పెంచినను విషయము గాని వినియోగము గాని లోపింపరాదను నియమము చేరినది. 2018 నాటి 2.1 రూపమున పునఃప్రవాహ నియమము చేరినది. 320 పిక్సెళ్ల వెడల్పున పాఠమును చదువుటకు ఇరుదిశల జరుపవలసిన పని యుండరాదని దాని సారాంశము. పటములు, పెద్ద పట్టికలు వంటివానికి మినహాయింపు కలదు. 2023 నాటి 2.2 రూపమునను ఇవి నిలిచియున్నవి. మన దేశమున దివ్యాంగజనుల హక్కులను గూర్చిన 2016 నాటి చట్టము, సమాచార సాధనములయందలి విషయము వారికి అందుబాటు రూపమున నుండునట్లు ప్రభుత్వములు చర్యలు గైకొనవలెనని 42వ విభాగమున విధించినది.

పుటయందు పెంపునే నిషేధించు ఆజ్ఞ నుంచు దురాచారమొకటి సెల్‌ఫోనులతో వచ్చినది. ఐఫోను బ్రౌజరు 2016లో వెలువడిన ఐ.ఓ.ఎస్. 10 మొదలుకొని ఆ నిషేధమును లెక్కచేయుట మానినది. బ్రౌజరు కాపాడునను ధీమాతో ఆ యాజ్ఞను ఉంచుట తగదు.

పరీక్షకు యంత్రవిద్య అక్కఱలేదు. శాఖలోని ఏ యుపాధ్యాయుడైనను తన కంప్యూటరుపై కిటికీ వెడల్పును ఇంచుమించు 1280 పిక్సెళ్లకు అమర్చి, కంట్రోలు మీటను నొక్కి యుంచి ప్లస్ మీటను పలుమాఱులు నొక్కుచు 200 శాతమునకు, పిదప 400 శాతమునకు పుటను పెంచి చూడవచ్చును. పంక్తి ప్రక్కకు పోవుచున్నదా, పెట్టెలో పాఠము కోతపడుచున్నదా, పంక్తులు ఒరసికొనుచున్నవా, పద్యపాదము గుర్తింప వీలగుచున్నదా యని నాలుగు ప్రశ్నలు వేసికొన్న చాలును. పిదప బ్రౌజరు అమరికలయందు మూలాక్షరమును 24 పిక్సెళ్లకు మార్చి మరల చూడవలెను. ఈ పరీక్ష పది నిమిషముల పని. సంచికకు అచ్చుచిత్తులు దిద్దుట ఎంత సంపాదకధర్మమో, వెబ్ పుటను పెంచి చూచుటయు అంత సంపాదకధర్మము.

పై చర్చవలన తేలిన అంశము లివి. అక్షరము మూలాక్షరమునకు సాపేక్షముగా నుండవలెను. పంక్తి ఎత్తు అక్షరముతో పెరుగవలెను. పెట్టె ఎత్తు బిగింపబడరాదు. చిత్రము కిటికీకి లోబడవలెను. ప్రతిచిత్రమునకు మాత్రము వేఱుగా విస్తృత వీక్షణము కావలెను. పాఠము పాఠముగానే యుండవలెను. ముప్పది యేండ్లు తరగతిలో పాఠము చెప్పి, చూపు తగ్గిన పిమ్మట తన శిష్యుని వ్యాసమును తెఱపై చదువగోరు ఉపాధ్యాయునకు మనము చేయగల సాయమిది. ఆయన అక్షరమును పెద్దది చేసికొనును. మనము ఆ యక్షరమునకు చోటు విడిచిన చాలును.